సిగ్గు ఎక్కడ పుడుతుంది?

ఒంటి రంగు గురించి మన కథల్లో ఒక మూస స్థిరపడింది. నల్లగా ఉన్న అమ్మాయి ఏడుస్తుంది, సంబంధాలు తప్పిపోతాయి, కట్నం పెరుగుతుంది. చివరికి మంచి మనసున్న ఒకడొచ్చి పెళ్ళాడతాడు. మా హైస్కూలు పిల్లలు వార్షిక సంచికకి రాసే కథలూ ఇంతే. పదిహేనేళ్ళ పిల్ల అద్దం ముందు పడే బాధకి పెళ్ళికొడుకా మందు? కట్నం దుర్మార్గాన్ని ఎండగట్టిన కథకుడు కూడా ఆ బాధ పిల్లలోకి ఏ దారిన వచ్చిందో చెప్పడు.

టోనీ మోరిసన్ నవల 'ది బ్లూయెస్ట్ ఐ' (1970) చెబుతుంది. 1941లో, అమెరికాలోని ఒహాయో రాష్ట్రం, లొరేన్ పట్టణం. పదకొండేళ్ళ నల్లజాతి పిల్ల పెకోలా నీలికళ్ళు కావాలని దేవుణ్ణి వేడుకుంటూంటుంది. ఆమె మిఠాయి కొనుక్కోవడానికి వెళ్ళిన ఘట్టం చూడండి. దారి పక్కన డాండిలియన్ పూలు ఆమెకి అందంగానే కనిపిస్తాయి. కొట్లో తెల్ల దుకాణదారు చూపు ఆమె మీద నిలవదు. డబ్బులు తీసుకుంటూ ఆమె చెయ్యి తాకడానికి వెనకాడతాడు. బయటికొచ్చేసరికి అవే పూలు వికారంగా ఉంటాయి. ఒక్క క్షణం కోపం రగులుతుంది. అది నిలవదు, దాని చోట సిగ్గు పొంగుతుంది. అప్పుడు మిఠాయి జ్ఞాపకమొస్తుంది. చుట్టిన కాగితం మీద నీలికళ్ళ తెల్లపిల్ల బొమ్మ. తింటూంటే ఆ కళ్ళనే తింటున్నట్టు, ఆ పిల్ల తానే అయినట్టు తృప్తి. మూడు సెంట్ల సరుకు. (అవమానించిన కొట్టే ఓదార్పునీ అమ్మింది!) 1975లో మన దేశంలో అమ్మకానికొచ్చిన 'ఫెయిర్ అండ్ లవ్లీ' వ్యాపారం ఇంతకంటే వేరా? 2020లో దాని పేరులో 'ఫెయిర్' పోయి 'గ్లో' వచ్చింది.

పెకోలా స్నేహితురాలు క్లాడియా మాత్రం క్రిస్మస్‌కి ఇచ్చిన తెల్లబొమ్మని ముక్కలు చేస్తుంది, అందులో లోకం ఏం చూసి మురుస్తోందో తెలుసుకోవాలని. దీన్ని తిరుగుబాటని పొగడడం తేలిక. మోరిసన్ అక్కడ ఆగలేదు. ఆ కసి బొమ్మల మీంచి తెల్లపిల్లల మీదికి మళ్ళుతుంది. దానికి సిగ్గుపడి, ఆ సిగ్గు దాచుకోవడానికి క్లాడియా బాలతార షర్లీ టెంపుల్‌ని ఆరాధించడం నేర్చుకుంటుంది. ఒంటరి కోపం ఇక్కడా సిగ్గులోకే దిగిందన్నమాట. ఇంత నిర్దాక్షిణ్యమైన వాస్తవికత మన కథల్లో నాకు అరుదుగా కనిపించింది.

పాఠకులు పెకోలా మీద జాలిపడ్డారే గాని తమని తాము ప్రశ్నించుకోలేదని 1993లో రాసిన వెనుకమాటలో మోరిసన్ బాధపడింది, తన శిల్పాన్నే తప్పుపట్టుకుంది. నేను ఒప్పుకోను. నవలంతటి మాట ఎలా ఉన్నా, మిఠాయి కొట్టు ఘట్టంలో జాలికి తావు లేదు. అక్కడ రచయిత్రి మనల్ని పెకోలా పక్కన కాదు, బల్లకి అవతల, దుకాణదారు పక్కన నిలబెట్టింది.