రబ్బరు గీత

1908లో హెన్రీ ఫోర్డ్ మోడల్ టి కారు రోడ్డెక్కింది. దాని చక్రాలకు రబ్బరు కావాలి. మలయాలో అప్పటికే తోటలు పెరుగుతున్నాయి.

అంతకుముందు అమెజాన్ అడవుల్లో రబ్బరు చెట్లకు గొడ్డలితో గాట్లు పెట్టి పాలు తీసేవారు, చెట్లు పాడయ్యేవి. సింగపూర్ వృక్షోద్యానం అధిపతి హెన్రీ రిడ్లీ 1890లలో వేరే పద్ధతి కనిపెట్టాడు: ఏటవాలుగా ఒక గీత గీసి, తర్వాత ప్రతిసారీ అదే గీత అంచున పలచటి పెచ్చు తీయడం. బెరడు మళ్లీ పెరుగుతుంది. రబ్బరు నాటండని ప్లాంటర్లను వేధించినందుకు ఆయన్ని 'పిచ్చి రిడ్లీ' అన్నారు. 1896లో మలక్కాలో టాన్ చే యాన్ అనే ప్లాంటరు నాటి చూపించాడు.

పద్ధతి రిడ్లీదే కానీ, నా దృష్టిలో అసలు ఘనత గీసే చేతిది. మలయా తోటల్లో ఆ చేతులు ఎక్కువ తమిళులవి, కొన్ని విశాఖ, గోదావరి సీమల నుంచి వెళ్లిన మనవాళ్లవి. కల్లుగీత ఎరిగినవారికి ఈ ఒడుపు తెలుస్తుంది. తీసే పెచ్చు మందం మిల్లీమీటరు, మహా అయితే ఒకటిన్నర. గాటు లోతు తక్కువైతే పాలు సరిగా రావు. లోతు ఎక్కువైతే కత్తి బెరడు లోపలి లేత పొరకు తగిలి, అక్కడ బుడిపెలు కట్టి మళ్లీ గీయడానికి వీలుండదు. పాలనాళాలు కాస్త వంపుగా సాగుతాయి కనుక, గీత ఎడమ పైనుంచి కుడి కిందికి దిగితే ఎక్కువ నాళాలు తెగుతాయి. ఇదంతా తెల్లవారకముందే, దీపం వెలుగులో, వందల చెట్లకు! ఎండెక్కితే ధార తగ్గుతుంది. బెరడు తడిస్తే పాలు గాడి తప్పి మాను పొడవునా కారిపోతాయి, అందుకే వానరోజు కత్తికి సెలవు.