వైన్స్‌లో దొరకని వైను

మైదుకూరు నాలుగు రోడ్ల కూడలి నుంచి ఒక దారి కడపకు పోతుంది, ఒకటి కర్నూలుకు, ఒకటి ప్రొద్దుటూరుకు, ఇంకొకటి బద్వేలుకు. ఏ దారి పట్టినా కాసేపటికి ఒక బోర్డు ఎదురొస్తుంది. ముందు పేరు ఏ దేవుడిదైనా కావచ్చు, వెనక తోక మాత్రం 'వైన్స్'. ఒకసారి లోపలికి పోయి "అన్నా, వైనుందా?" అని అడిగి చూడండి. అలమారలో బ్రాందీ ఉంటుంది, విస్కీ ఉంటుంది, రమ్ము ఉంటుంది, చల్లటి బీరుంటుంది. వైను మాట ఎత్తేసరికి అమ్మే అబ్బి తల గోక్కుంటాడు. "యాడన్నా, మన పక్క ఎవురు తాగుతారది?" అంటాడు. నేతిబీరకాయలో నెయ్యి ఎంతో, వైన్స్‌లో వైనూ అంతే.

ఈ అబద్ధానికి మనం బాగా అలవాటుపడ్డాం. "వైన్స్ దాకా పోయొస్తా" అని చెప్పి వెళ్ళినవాడు క్వార్టర్ బ్రాందీతో తిరిగొస్తే ఇంట్లో ఎవరూ భాషాదోషం ఎంచరు. ఎంచాల్సిన దోషాలు వేరే ఉంటాయి.

ఆ సీసాల్లో ఉండేది చాలామటుకు చెరకు మడ్డి నుంచి తీసిన స్పిరిటు. దానికి ఒక రంగూ ఒక వాసనా తగిలిస్తే బ్రాందీ, ఇంకో వాసన తగిలిస్తే విస్కీ. సీసా మీద 42.8 శాతం అని అచ్చేసి ఉంటుంది. 2024 అక్టోబరులో రాష్ట్రంలో కొత్త మద్యం విధానం వచ్చినప్పుడు 99 రూపాయల క్వార్టరును ఘనంగా దించారు. చవక అంటే ఇదేనని చాలామంది సంబరపడ్డారు. నేను చెప్పబోయే చవక అది కాదు. మామూలు మనిషి మామూలు రోజున తాగే అసలైన వైను మన వంకల గట్ల మీదే పుడుతుంది. దాని పేరు కల్లు.

నవ్వకండి. ఇంగ్లీషువాడు కల్లుకు పెట్టుకున్న పేర్లు రెండు. ఒకటి టాడీ, అది మన దేశపు తాడి మాటే, ఓడెక్కి పోయింది. రెండోది పామ్ వైన్. అంటే నిఘంటువు లెక్కన 'వైన్స్' బోర్డు వేలాడాల్సింది ఈతచెట్టుకు.

ఒక పక్క గీత, ఒక పక్క విడుపు

మా పక్క తాడి కన్నా ఈత ఎక్కువ. వంకల పొడుగునా, చెరువు కట్టల కింద తనంతట తానే లేస్తుంది. ఎవరూ నాటరు, ఎవరూ నీళ్ళు కట్టరు, ఎవరూ ఎరువు వేయరు. ఉల్లికీ పసుపుకీ పెట్టుబడి పెట్టి తలపట్టుకున్న రైతుకు, ఏమీ పెట్టకుండా కాసే ఆ చెట్టును చూస్తే కాస్త అసూయ పుట్టినా తప్పులేదు.

ఈత గీత చలికాలపు పని. వానలు వెనకబట్టినాక కల్లు గీసే ఈడిగాయన చెట్టెక్కి, మొవ్వు కింద ఒక పక్కన మట్టలు నరికి, పీచు తీసి, లేత భాగం తేలేదాకా చెక్కుతాడు. కొన్నాళ్ళు ఆరనిస్తాడు. ఆ తర్వాత గీతకత్తితో పలచగా గీత పెడతాడు. కారిన నీరంతా వచ్చి కలిసే చోట చిన్న వెదురు గొట్టం దిగ్గొట్టి, దాని కింద కుండ కడతాడు. మాపున గీస్తే రాత్రంతా చుక్కచుక్కగా కారుతుంది. తెల్లారి దించుకోవడమే.

చెప్పుకోడానికి ఇంతే. చేతికి రావడానికి మాత్రం ఏళ్ళు పడుతుంది. కత్తి లోతుకు పోతే చెట్టు చస్తుంది, పైపైన పోతే చుక్క రాదు. ఆ రెంటి నడుమ ఉండే వెంట్రుకవాసి మందమే విద్య. కొన్ని రోజులు గీసి, కొన్ని రోజులు చెట్టుకు విడుపు ఇవ్వాలి. ఈ ఏడు ఒక పక్క గీస్తే వచ్చే ఏడు రెండో పక్క గీయాలి. అందుకే ముదురు ఈతచెట్టు బోదె నొక్కులు నొక్కులుగా, వంకరటింకరగా పైకి పోతుంది. ఆ నొక్కులు లెక్కపెడితే ఎన్నేళ్ళు గీశారో తెలిసిపోతుంది. ఫ్రాన్సువాడు సంవత్సరాన్ని సీసా మీద అచ్చేస్తాడు, మనం చెట్టు మీదే చెక్కుతాం.

పువ్వును బుజ్జగించే పని

తాటికల్లు ఎండాకాలపుది. అన్నమయ్య పుట్టిన తాళ్ళపాక, గండికోట జలాశయం ముంపులో పోయిన తాళ్ళప్రొద్దుటూరు, ఈ పేర్లు విన్నప్పుడల్లా నా కళ్ళకు తాళ్ళే కట్టుకుంటాయి. ఈ చెట్టుకు తొందర తెలీదు. పూతకు రావడానికి పన్నెండు పదిహేనేళ్ళు పడుతుంది. అప్పటిదాకా అది పోతుతాడో పెంటితాడో చెట్టుకే తెలియాలి.

ఈతకు బోదెను గీస్తారు, తాడికి పువ్వును. లేత గెలలను నారతో కట్టి, కర్రల మధ్య పెట్టి మెల్లగా నొక్కుతారు. గట్టిగా నొక్కితే నలిగిపోతుంది, నొక్కకపోతే కారదు. అలా కొన్ని రోజులు బుజ్జగించినాక కొసను పలచటి రేకులా కోసి కుండ తొడుగుతారు. ఆ కోత పొద్దునా సాయంత్రం పడాల్సిందే. మానేస్తే గాయం ఎండి కల్లు ఆగిపోతుంది. గీసే మనిషికి అందుకే ఆదివారం లేదు, పండగ లేదు, అత్తగారిల్లు లేదు.

తాడిచెట్టు ముప్పై మీటర్ల దాకా పెరుగుతుంది. దాన్ని ఎక్కడానికి ఆయనకుండేది నడుముకూ చెట్టుకూ కలిపి తిప్పుకున్న మోకు, పాదాలకు ఒక బంధం, అంతే. తెలంగాణలో మోకు, ముస్తాదు అంటారు. ఎక్కేముందు గీతవాళ్ళ దేవుడు కాటమయ్యకు దండం పెట్టుకుంటారు. మనకు తాడి మీద సామెతలకు కొదవ లేదు. తాడి ఎక్కేవాణ్ణి ఎంతదాకా ఎగదోస్తామంటాం, తాడిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డికన్నాడంటాం. ఇవన్నీ కింద నీడలో కూర్చున్నవాళ్ళు కట్టినవి. పైకెక్కినాయనకు సామెతలు కట్టే తీరిక ఎక్కడిది?

కుండలో ఒక రోజు

చెట్టు నుంచి దిగేది మొదట ఉత్త తీపినీరు. నూటికి పది పన్నెండు పాళ్ళు చక్కెర ఉంటుంది. కుండ లోపల సున్నం పూస్తే పులవదు, అది నీరా. నీరాను కాస్తే బెల్లం. సున్నం పూయకపోతే చుక్క పడిన క్షణం నుంచే ఈస్టు పని మొదలుపెడుతుంది. వైను చేసే కంపెనీలు ఈస్టును పొట్లాల్లో కొంటాయి. ఇక్కడ పాత మట్టికుండ రంధ్రాలే దాని కాపురం. నిన్నటి కల్లు వాసన ఉన్న కుండే నేటి కల్లుకు తోడు, పాలకు మజ్జిగ చుక్కలాగ.

లాక్టిక్ బాక్టీరియా పులుపు తెస్తుంది, ఈస్టు మత్తు తెస్తుంది, ఆఖరున ఎసిటిక్ బాక్టీరియా వచ్చి అంతా వెనిగర్ చేసి పోతుంది. ద్రాక్ష వైను నెలల తరబడి, ఏళ్ళ తరబడి నడిపే కథను కల్లు ఒక్క రోజులో ముగిస్తుంది. తెల్లవారి దించినప్పుడు పసిబిడ్డ, తియ్యగా ఉంటుంది. పొద్దెక్కేసరికి కొత్తల్లుడు, నురగలు కక్కుతుంటుంది. మాపటికి మేనమామ, ఘాటెక్కి గొంతు పట్టుకుంటుంది. మర్నాటికి ఊరి పెద్దమనిషి, ఎవరూ నోట పెట్టుకోలేరు. మత్తు నూటికి నాలుగైదు పాళ్ళ దగ్గర, అంటే బీరుకు అటూ ఇటుగా ఉంటుంది. క్వార్టరు సీసాతో పోలిస్తే పదో వంతు.

ఇంత తొందరగా పులిసేదాన్ని గోదాములో దాచలేం, లారీకెక్కించలేం, పదేళ్ళు మాగబెట్టి పదింతలకు అమ్మలేం. అది చవకగా మిగలడానికి కారణం ఇదే. కల్లుకు వ్యాపారి కన్నా గడియారం పెద్ద శత్రువు.

ముంత పట్టే పద్ధతి

నాసిక్‌లోనో నందికొండల దగ్గరో ద్రాక్షతోటలకు పోతే, పొడుగుకాడ గాజు గ్లాసు చేతికిచ్చి తిప్పమంటారు. ముక్కు లోపల పెట్టమంటారు. కళ్ళు మూసుకుని, నేరేడు వాసన, వెనకాల కాస్త పాతతోలు వాసన వస్తున్నాయని చెప్పాలి. రాకపోయినా చెప్పాలి, టికెట్టు కొన్నాం కదా. మన పద్ధతిలో ఇంత నటన అక్కర్లేదుగానీ పద్ధతంటూ ఒకటుంది.

మొదట అడగాలి: "మామా, యా చెట్టుది? ఎప్పుడు దించినావు?" ఫ్రాన్సువాడు మట్టి గురించి, ఎండ గురించి పుస్తకాలు రాసి చెప్పేదంతా ఈ రెండు ప్రశ్నల్లోనే ఉంది. వంక ఒడ్డు చెట్టుకూ మెట్ట చెట్టుకూ తేడా ఉంటుంది. ఒకే గట్టు మీది రెండు చెట్లకూ తేడా ఉంటుంది. గీసే ఆయనకు ఒక్కో చెట్టు గుణం విడివిడిగా తెలుసు, పిల్లల గుణాలు తెలిసినట్టు.

తర్వాత నురగ ఊదాలి. పైన తేలే చీమల్నీ తేనెటీగల్నీ పక్కకు నెట్టాలి. వాటిని చూసి మొహం చిట్లించకండి. తీపి ఉన్నచోటికే అవి వస్తాయి. ఇక వాసన సంగతి. పులిసిన దోశపిండికి తడిసిన గోనెసంచి తోడైతే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. కల్లు వాసన కమ్మగా ఉంటుందని ఎవరైనా చెబితే వాళ్ళకు అప్పివ్వకండి.

మూడోది నంజుకోవడం. మాంసానికి ఎర్ర వైను, చేపకు తెల్ల వైను అని వాళ్ళకో సూత్రముంది. మన సూత్రం ఇంకా తేలిక: కూర ఎంత కారమో కల్లు అంత తియ్యగా ఉండాలి. మిరపకాయ బజ్జీకీ, బోటికూరకూ పొద్దుటి కల్లు. వేయించిన చెనిక్కాయలకూ, అలసంద గుగ్గిళ్ళకూ పొద్దెక్కినాక కాస్త పుల్లబడిన కల్లు. రాగిసంగటిలో ఊరిమిండి వేసుకుని తిన్న నోటికి పడే తియ్యటి గుక్క ముందు ఏ గాజు గ్లాసైనా బలాదూరే.

నాలుగోది ముంత బోర్లించడం. ఎప్పుడు బోర్లించాలో తెలిసినవాడికే తాగడం వచ్చినట్టు. మొదటి మూడూ ఒక పూటలో నేర్చుకోవచ్చు. నాలుగోది ఆస్తులు అమ్ముకున్నా రానివాళ్ళున్నారు.

కల్లు కూల్చిన సర్కారు

తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారని సామెత. ఆ మాటలో కల్లు మీదే కాదు, దాన్ని గీసేవాళ్ళ మీద కూడా చిన్నచూపు ఉంది. పెద్దమనిషి ఏసీ బార్లో తాగితే హోదా, కూలిమనిషి చెట్టు కింద తాగితే వ్యసనం. సర్కార్లకూ కల్లుతో ఎప్పుడూ ఇదే తిరకాసు, దాని డబ్బు కావాలి, పేరు వద్దు. 1886 నాటి మద్రాసు అబ్కారీ చట్టంతో గీతా అమ్మకమూ సర్కారు గుప్పిట్లోకి పోయాయి. తర్వాత రాజాజీ ప్రభుత్వం 1937లో సేలం జిల్లాతో మద్యనిషేధం మొదలుపెట్టి, 1938లో చిత్తూరుతో పాటు మన కడపకూ తెచ్చింది. దేశంలో మొదట నోరెండిన జిల్లాల్లో మనదొకటి.

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డాక గౌతు లచ్చన్న గీత కార్మికుల తరఫున సత్యాగ్రహం నడిపారు. 1954 నవంబరులో కర్నూలు శాసనసభలో ఈ నిషేధం గొడవ మీదే టంగుటూరి ప్రకాశం ప్రభుత్వం అవిశ్వాసంలో ఒక్క ఓటుతో ఓడిపోయింది. తుపాకీకి రొమ్ము చూపిన మనిషి కల్లుకుండ దగ్గర తడబడ్డాడు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డారు. 1993లో సారా పోయింది. 1995లో సంపూర్ణ నిషేధం వచ్చినప్పుడు కూడా కల్లును మినహాయించారు. కొంపలు కూల్చింది ఏదో, ఏది కాదో ఆ చట్టం రాసినవాళ్ళకు తెలుసన్నమాట. 1997లో నిషేధం సడలింది, బోర్డులు తిరిగి లేచాయి.

కుండ వెనక మనిషి

ఇంత పొగిడాక చేదు కూడా చెప్పాలి. కల్లు పేరుతో అమ్మేదంతా కల్లు కాదు. చెట్లు తగ్గి, గిరాకీ పెరిగిన చోట నీళ్ళలో శాకరిన్, క్లోరల్ హైడ్రేట్, డైజిపాం, ఆల్ప్రాజోలం కలిపి తెల్లటి ద్రవమేదో పోస్తున్నారు. 2025 జులైలో హైదరాబాదు కూకట్‌పల్లిలో కల్తీకల్లు తాగి మనుషులు చచ్చిపోయారు. అలవాటుపడ్డవాళ్ళు అది ఒక్కరోజు దొరకకపోతే వణికిపోతారు, పిచ్చిపట్టినట్టవుతారు. అది చెట్టు చేసిన పని కాదు, మందులకొట్టు చేసిన పని.

అసలు కల్లు తగ్గడానికి కారణం చెట్లొక్కటే కాదు, ఎక్కేవాళ్ళు లేకపోవడం. జారితే నడుము విరుగుతుంది, లేదా ప్రాణం పోతుంది. తెలంగాణ ప్రభుత్వం 2024లో కాటమయ్య పేరుతో రక్షణ సామగ్రి పంచింది. అయినా మోకు నేర్చిన తండ్రి కొడుకును చెట్టెక్కవద్దంటున్నాడు. ఆయన్ను తప్పుబట్టే హక్కు కింద కూర్చుని తాగేవాళ్ళకు లేదు.

నైజీరియా రచయిత ఆమోస్ టుటుఓలా నవల 'ది పామ్ వైన్ డ్రింకార్డ్' 1952లో లండన్‌లో అచ్చయింది. అందులో కథానాయకుడికి కల్లు తాగడం తప్ప వేరే పని రాదు. అతనికి కల్లు గీసే మనిషి చెట్టు మీంచి పడి చచ్చిపోతాడు. ఇంకెవరు గీసినా ఆ రుచి రాదు. చివరికి ఆ గీసే మనిషిని వెతుక్కుంటూ చచ్చినవాళ్ళ ఊరికి బయల్దేరతాడు. వైను గురించి నాకు తెలిసిన గొప్ప మాట ఆ తాగుబోతు కథలోనే ఉంది. రుచి ద్రాక్షలో లేదు, సీసాలో లేదు, గీసిన చేతిలో ఉంది.

కాబట్టి ఈ చలికాలం ఎప్పుడైనా మా పక్కకొస్తే పొద్దెక్కకముందే రండి. యా చెట్టుది, ఎప్పుడు దించినావు అని అడగండి. చెట్టు చూపించి జవాబు చెప్పే మనిషి ఎదురుగా ఉంటే ముంత పట్టండి, బేరమాడకుండా డబ్బివ్వండి. అలాంటి మనిషి కనబడకపోతే మజ్జిగ తాగి ఇంటికి పోండి.