సుఖవ్యాధి: ఎవరి సుఖం?

తెలుగులో జబ్బుల పేర్లు చాలావరకు ఒంటినో బాధనో చెప్తాయి. తలనొప్పి, ఆయాసం, కీళ్లవాతం. 'సుఖవ్యాధి' అన్న మాట మాత్రం జబ్బు గురించి ఏమీ చెప్పదు. ఎక్కడ నొప్పో చెప్పదు, ఎలా తగ్గుతుందో చెప్పదు. జబ్బుపడ్డ మనిషి అంతకుముందు ఏం చేసి ఉంటాడో చెప్తుంది. అంటే అది రోగం పేరు కాదు, తీర్పు. కథల్నీ నవలల్నీ విమర్శించినట్టే ఒక్కోసారి ఒక మాటని కూడా కూర్చోబెట్టి విమర్శించాలి. ఈ వ్యాసం ఆ పని కోసం.

పాత మాటలు ఇంతకంటే నయం. సెగరోగం అన్నప్పుడు కనీసం మంట వినిపిస్తుంది. 16వ శతాబ్దంలో భావమిశ్రుడు సిఫిలిస్‌ని ఫిరంగ రోగం అన్నాడు. ఫిరంగులంటే ఓడల్లో వచ్చిన పోర్చుగీసువాళ్లు. ఇటలీవాళ్లు దాన్నే ఫ్రెంచి జబ్బన్నారు, ఫ్రెంచివాళ్లు నేపుల్స్ జబ్బన్నారు. ఎవరికి వాళ్లు నేరం పక్క దేశం మీదకి తోసేశారు. అది అన్యాయమే, కానీ రోగిని వదిలేసిన అన్యాయం. 'సుఖవ్యాధి' ఆ నిందని తిరిగి ఇంట్లోకి తెచ్చి రోగి నెత్తిన పెట్టింది. సుఖపడ్డావు కదా, అనుభవించు అని.

ఈ మాట వెనకున్న కథ మనందరికీ తెలుసు. నాగభూషణం ఊరూరా ఆడిన 'రక్తకన్నీరు' నాటకం చూడనివాళ్లు కూడా దాని గురించి విన్నారు. డబ్బున్నవాడు భార్యని కాదని వేశ్య వెంట పడతాడు, కుష్ఠు వస్తుంది, ఆస్తీ అందం పోతాయి. జనం కన్నీళ్లు పెట్టుకున్నారు. కుష్ఠు లైంగికంగా అంటే జబ్బు కాదు. దాని సూక్ష్మజీవిని హాన్సెన్ 1873లోనే గుర్తించాడు. కానీ నాటకానికి కావలసింది జబ్బు కాదు, శిక్ష. పైకి కనిపించే శిక్ష. అందులో తప్పు చేసినవాడికే రోగం, తప్పు నేర్పినది వేశ్య. భార్య పవిత్రం, కాబట్టి ఆమె ఒంటికి ఏమీ కాదు. భర్తని ఆమెకి దూరంగా ఉంచి నాటకం ఈ చిక్కు తప్పించుకుంది. నిజమైన కాపురాల్లో ఆ దూరం ఉండదు. నా అభ్యంతరం నాటకం నీతి చెప్పినందుకు కాదు. జబ్బు ఎక్కడ ఆగుతుందో నీతి నిర్ణయిస్తుందని మనల్ని నమ్మించినందుకు.

నేను పుట్టి పెరిగిన విశాఖలో ఈ నమ్మకం బాగా ఖరీదైనది. పోర్టు, స్టీల్ ప్లాంటు, గాజువాక ఆటోనగర్, హైవే మీద లారీల వరస. నెలల తరబడి ఇంటికి దూరంగా ఉండే మగవాళ్లతో నడిచే ఊరు. మా బంధువుల్లో ఒకామెకి ఏళ్ల తరబడి తెల్లబట్ట అయ్యేది. "వేడి చేసిందిలే" అని మజ్జిగ తాగేది. నడుము నొప్పి వచ్చింది, ముట్లు ఆగిపోయిన తర్వాత కూడా రక్తం కనిపించింది. అప్పటికీ కదల్లేదు. పెద్ద ఆస్పత్రిలో వాళ్లు పంపే గది మీద 'సుఖవ్యాధులు' అని రాసి ఉంటుందని ఎవరో చెప్పారట. "ఆ బోర్డు కింద నన్నెవరైనా చూస్తే?" అంది. చివరికి తీసుకెళ్తే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ అన్నారు, అదీ ముదిరాక. లారీ నడిపే ఆమె భర్త గురించి నేనేమీ అనను. అనడానికి ఆధారం ఉండదు కూడా.

ఎందుకుండదో చెప్పుకోవాలి. ఈ క్యాన్సర్ దాదాపు ప్రతిసారీ హెచ్‌పీవీ అనే వైరస్ వల్లే వస్తుంది. ఆ సంబంధం కనిపెట్టినందుకు హెరాల్డ్ జుర్ హౌజెన్‌కి 2008లో నోబెల్ ఇచ్చారు. లైంగిక జీవితం ఉన్నవాళ్లలో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు ఈ వైరస్ అంటుతుంది. ఎక్కువమందిలో రెండేళ్లలోపే దానంతటదే పోతుంది. కొద్దిమందిలో ఉండిపోయి, క్యాన్సర్‌గా మారడానికి పది, పదిహేను, ఇరవై ఏళ్లు కూడా తీసుకుంటుంది. ఎవరి నుంచి ఎవరికి ఎప్పుడు వచ్చిందో తేల్చలేం. జీవితంలో ఒక్క మనిషినే ఎరిగిన ఆడదానికీ రావచ్చు. మరోవైపు, ప్రతి తెల్లబట్టా ఇలా అంటుకున్న జబ్బు కాదు. కొన్ని మామూలు ఇన్ఫెక్షన్లు, కొంత సహజం. 'సుఖవ్యాధి' అన్న మాట ఇందులో ఒక్క సంగతికీ సరిపోదు. మా సాఫ్ట్‌వేర్ పనిలో తప్పు పేరు పెట్టిన వేరియబుల్ ఉంటే దాన్ని నమ్మి రాసిన ప్రతి లైనూ తప్పవుతుంది. ఇక్కడ ఆ లైన్లు ఆడవాళ్లు.

రెండో సమస్య లేని మాటది. 'గర్భాశయ ముఖద్వారం' అని పుస్తకాల్లో రాస్తాం, ఇంట్లో ఎవరూ అనరు. ఇంట్లో ఉన్న మాట 'గర్భసంచి' ఒక్కటే. మూతికి పేరు లేనప్పుడు మూతికి వచ్చిన పుండు కూడా సంచి జబ్బే అవుతుంది. అప్పుడు "సంచి పాడైంది, తీసేస్తే క్యాన్సర్ భయం ఉండదు" అన్న మాట సులువుగా చెల్లుతుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల్లో గర్భసంచి తీయించుకున్న స్త్రీల శాతం దేశంలోనే ఎక్కువగా ఉన్న రాష్ట్రం ఆంధ్రప్రదేశ్. 15–49 ఏళ్లవాళ్లలో దాదాపు 9 శాతం. అదే 2019–21 సర్వేలో, దేశం మొత్తం మీద 30–49 ఏళ్ల స్త్రీలలో ఈ క్యాన్సర్ పరీక్ష ఎప్పుడైనా చేయించుకున్నవాళ్లు నూటికి ఇద్దరు కూడా లేరు. ఆ పరీక్ష ఏమంత పెద్దదీ కాదు. పలచటి ఎసిటిక్ యాసిడ్, అంటే వెనిగర్‌లో ఉండేదే, మూతికి రాసి ఒక నిమిషం ఆగితే తేడా ఉన్నచోట తెల్లబడుతుంది.

మాటలే లేకుండా పని కానిస్తే ఏమవుతుందో కూడా మన దగ్గరే చూశాం. 2009లో ఖమ్మం జిల్లా భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10–14 ఏళ్ల ఆడపిల్లలు సుమారు 14 వేలమందికి పాత్ అనే సంస్థ ప్రాజెక్టు కింద హెచ్‌పీవీ టీకా వేశారు. చాలామంది హాస్టళ్లలో చదివే గిరిజన పిల్లలు. 2010 ఏప్రిల్‌లో ప్రాజెక్టు ఆపేశారు. జరిగిన మరణాలకి టీకాయే కారణమని విచారణలో తేలలేదు. కానీ 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం ఇచ్చిన నివేదిక చూడండి. పరిశీలించిన 9,543 అంగీకార పత్రాల్లో 2,763 మీద సంతకం హాస్టల్ వార్డెన్లదో హెడ్‌మాస్టర్లదో. టీకా మంచిదే, ప్రపంచమంతా వేస్తున్నారు. ఆ పిల్లలకీ తల్లులకీ అది ఎందుకో వాళ్ల మాటల్లో చెప్పకపోవడం వల్ల ఒక మంచి మందు మీద ఏళ్ల తరబడి అనుమానం మిగిలింది.

ఇది మన భాషకి చేతకాని పనేం కాదు. 'సవాలక్ష సందేహాలు' అనే పుస్తకం పేరు ఒకసారి పలికి చూడండి. తీర్పు లేదు, సిగ్గు లేదు. అడిగే హక్కు ఆడవాళ్లదని పేరులోనే ఒప్పుకుంది. 'రక్తకన్నీరు' చూసి ఏడ్చిన భాషే ఆ పుస్తకాన్నీ రాసుకుంది. ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఈ క్లినిక్కులకి ఇప్పుడు 'సురక్ష' అని పేరు పెట్టారు. ఆ పేరు జబ్బేమిటో చెప్పదు, అదే దాని మంచితనం. బోర్డు కింద నిలబడ్డ మనిషి మీద నేరం మోపదు. అయితే బోర్డు మారినంత తొందరగా నోళ్లు మారలేదు. పేపర్లలో ప్రకటనలు, యూట్యూబ్ డాక్టర్లు, మన కథకులు ఇంకా పాత మాటే వాడుతున్నారు.

మాట మారిస్తే క్యాన్సర్ తగ్గుతుందా అని అడగొచ్చు. తగ్గదు. మందూ పరీక్షా టీకా తగ్గిస్తాయి. కానీ వాటి దగ్గరికి మనిషి నడిచి వెళ్లాలి, ఆ నడకకి అడ్డంగా ఉన్నది ఈ మాట. రాసేవాళ్లని నేను కోరేది చిన్నది. 'సుఖవ్యాధి' వదిలేద్దాం. 'లైంగికంగా అంటే జబ్బు' అందాం, అది చాలు. ముఖద్వారానికి ఒక ఆశా కార్యకర్త నోట విన్న మాటే వాడదాం: గర్భసంచి మూతి. ఆమె ఆ మాట అన్నప్పుడు ఎదురుగా కూర్చున్న ఆడవాళ్లెవరూ తలదించుకోలేదు. ఒకామె మాత్రం "ఆ మూతి ఎక్కడ చూస్తారమ్మా?" అని అడిగింది.