పూతమీది పందెము

మైలవరము మొదలు నూజివీడు వఱకు వ్యాపించిన మామిడితోటలలో, కాయ యింకను కంటికి కనబడని మాఘమాసమున, పూతతో నిండిన కొమ్మలక్రింద నిలిచి, ఈ పూతలో ఎంత రాలును, ఎంత పిందె కట్టును, మంచు పట్టునా, తేనెమంచు పురుగు మాడ్చునా యని మనసున లెక్క వేసికొని తోటను గుత్తకు మాటలాడు వర్తకుడు గ్రుడ్డి సాహసి కాడు. ఆతని చేతిలో ఫలము లేదు. కాని ఫలమునకు కారణము చెట్టున నున్నది. లిమిట్ హోల్డెమ్ అను పేకాటలో సెమీబ్లఫ్ అనబడు ఉపాయమును గ్రహింపగోరువాడు మొదట ఈ భేదమును గుర్తింపవలయును. శుద్ధమైన బ్లఫ్ ఎండుకొమ్మను చూపి తోట యని నమ్మించుట. సెమీబ్లఫ్ పూతను నమ్మి పందెమొడ్డుట. మొదటిదానికి ప్రత్యర్థి భయమొక్కటే దిక్కు. రెండవదానికి, ఆతడు భయపడి ముక్కలు విడిచినచో తక్షణ విజయమును, విడువకున్నను రాబోవు ముక్క అనుకూలించినచో పిదప విజయమును, ఇట్లు రెండు మార్గములు గలవు. డేవిడ్ స్క్లాన్‌స్కీ 1987లో ప్రకటించిన ‘ది థియరీ ఆఫ్ పోకర్’ అను గ్రంథమున ఈ ఉపాయమును శాస్త్రముగా విడమర్చి చెప్పెను.

ఊహను లెక్కతో ముడివైచు విద్య మనవారికి క్రొత్తది కాదు. భారతములోని నలోపాఖ్యానమున, జూదమున సర్వమును కోలుపోయి బాహుకుడై రథము తోలుచున్న నలునకు అయోధ్యాధిపతి యగు ఋతుపర్ణుడు దారిలో నొక తాండ్రచెట్టును చూపి, దాని ఆకులిన్ని, కాయలిన్ని యని చెప్పెను. నలుడు రథమాపి, చెట్టును నఱికి లెక్కింపగా కాయల సంఖ్య సరిపోయెను. అశ్వహృదయమను గుఱ్ఱపు విద్యకు మాఱుగా ఋతుపర్ణుడు నలున కొసగిన అక్షహృదయమను పాచికల విద్య ఈ గణనశక్తితో కూడినదే. పాచికల మర్మమెఱిగినవాడు చెట్టుకాయలను లెక్కింపగలుగుట యేమి యని తొలుత చదివినప్పుడు ఆశ్చర్యము కలుగును; కాని కనబడినదానినుండి కనబడనిదాని పరిమాణమును నిర్ణయించుటయే రెండింటికిని మూలము. ఈ ఘట్టమును కేవలము మహిమగా చదివి విడుచుట ఆ కథకు అన్యాయము చేయుటయే యని నా తలంపు.

ఇక హోల్డెమ్ ఆట స్వరూపము. టెక్సాస్ శాసనసభ 2007లో రాబ్స్‌టౌన్ అను ఊరిని ఈ యాటకు జన్మస్థానముగా గుర్తించెను. ప్రతి యాటగానికి రెండు ముక్కలు మఱుగున నుండును. అందఱికిని చెందిన యైదు ముక్కలు బల్లమీద, మొదట మూడు ఫ్లాప్ అనియు, నాల్గవది టర్న్ అనియు, ఐదవది రివర్ అనియు, క్రమముగా తెఱవబడును. లిమిట్ పద్ధతిలో పందెము నియతము: ఫ్లాప్‌కు ముందును, ఫ్లాప్ పిదపను జరుగు మొదటి రెండు విడతలలో చిన్న పందెము, తరువాతి రెండింట దానికి రెట్టింపు. ఉన్నదంతయు ఒక్కమారుగా త్రోసి ప్రత్యర్థిని బెదరించుటకు వీలులేదు. కనుకనే ఇందు ధాటికంటె గణితమునకు ఎక్కువ చోటు గలదు.

ఉదాహరణమునకు, మన చేతిలో ఇస్పేటు ఆసును, ఇస్పేటు పదియు నున్నవి. బల్లమీద ఇస్పేటు రాజు, ఇస్పేటు నాలుగు, ఆఠీను ఏడు, టర్న్‌లో కళావరు రెండు పడినవి. మనకు కనబడని ముక్కలు 46. వానిలో తొమ్మిది ఇస్పేట్లు. ఏ యొక్కటి వచ్చినను ఒకే జాతి ముక్కలైదు గల ఫ్లష్ పూర్తియగును, అనగా నూటికి ఇరువదికి కొంచెము తక్కువ. పాట్‌లో అనగా ఒడ్డిన పందెముల రాశిలో, ఆఱు పెద్ద పందెములున్నవనియు, ఒక్కడే ప్రత్యర్థి మనకు ముందు పందెము వేయక ఊరకుండెననియు అనుకొందము. రివర్‌లో శూన్యహస్తముతో చేయు బ్లఫ్ ఒకటి యొడ్డి ఆఱింటిని కోరును గనుక ఏడింట నొకమారు ఫలించినచో నష్టము లేదు. టర్న్‌లో చేయు సెమీబ్లఫ్‌ను, పందెము లేకయే ఆఖరి ముక్కను ఉచితముగా చూచుటతో పోల్చి తూచినను, ప్రత్యర్థి సుమారు తొమ్మిదింట నొకమారు ముక్కలు విడిచిన చాలును. రివర్‌లో ఫ్లష్ పడినప్పుడు రాబట్టదగిన అదనపు పందెమును ఇందు చేర్చలేదు. ప్రత్యర్థి తిరిగి పందెము పెంచు ప్రమాదమును కూడ చేర్చలేదు. పాట్ నాలుగు పందెములకు తగ్గినచో ఆఱింట నొకమారు విడువవలసివచ్చును. పాట్ పెద్దదైనకొలది సాహసము చవుక యగునన్నమాట.

ఐనను ప్రతి పూతయు కాపునకు రాదు. ఫ్లాప్‌నాటికి నాలుగు ఇస్పేట్లున్నవానికి రివర్‌లోపల ఫ్లష్ వచ్చు అవకాశము నూటికి 35. వరుసగా ఐదు ముక్కలు కూడు స్ట్రెయిట్ ఇరుప్రక్కల తెఱచియున్నచో 31కి పైన. నడుమ నొక్క ముక్కకొఱకు ఎదురుచూచునది 17కు లోపు. ఈ మూడవదానితో దూకుడుగా నాడువాడు, తనకు పెద్ద ముక్కల అండయైన లేనిచో, పూత రాలిన కొమ్మను గుత్తకు కొన్నవాడే. బల్లమీద జంట పడినప్పుడు మన ఫ్లష్ పూర్తియైనను, ఒకే విలువ గల మూడింటితో మఱియొక జంట చేరిన ఫుల్‌హౌస్ ముందు ఓడవచ్చును గనుక అప్పుడు వెనుదీయుట వివేకము.

దూకుడునకు తగిన సమయమేది? ఒకరిద్దఱు ప్రత్యర్థులు మాత్రమే మిగిలి, వారు ముక్కలు విడువనేర్చినవారై, మనము చివర మాటలాడు స్థానమున నున్నప్పుడు. అట్టివాడు ఫ్లాప్‌లో చిన్న పందెమును పెంచి, టర్న్‌లో తక్కినవారు బెదరి ఊరకున్నచో తానును ఊరకుండి, రివర్‌ను ఉచితముగా చూడవచ్చును. అదనముగా ఒడ్డినది చిన్న పందెము, మిగిలినది పెద్ద పందెము. ముగ్గురు నలుగురు నిలిచియున్నచోట బెదరింపు పనిచేయదు. కాని నలుగురిలో మన న్యాయమైన పాలు నూటికి 25 కాగా ఫ్లష్ ఆశ 35 గనుక, ఫ్లాప్‌లో పందెము పెంచుట అక్కడ బెదరింపుగా కాక లాభముగానే యొప్పును. ఎన్నడును ముక్కలు విడువని మొండివానిపై సెమీబ్లఫ్ ప్రయోగించుట యే ఆటగానికైనను తగని పని. వాని యెదుట రెండు మార్గములలో నొకటి ముందే మూసికొనిపోయినది.

ఈ ఉపాయమునకు మఱియొక ప్రయోజనము గలదు. పూర్తియైన హస్తముతోనే పందెము పెంచువాని చేతిని ప్రత్యర్థి తెఱచిన పుస్తకమువలె చదువును. జాన్ వాన్ నాయ్‌మన్ 1928నాటి వ్యాసముతో ఆరంభించిన గేమ్ థియరీ అను క్రీడాసిద్ధాంతము, బలహీనహస్తముతోను అప్పుడప్పుడు పందెము వేయుట స్వభావదోషము కాదు, గణితము విధించిన కర్తవ్యమని నిరూపించినది. కెనడాలోని ఆల్బర్టా విశ్వవిద్యాలయమున మైకేల్ బౌలింగ్ బృందము 2015లో, ఇద్దఱాడు లిమిట్ హోల్డెమ్ సాధింపబడినదని ‘సైన్స్’ పత్రికలో ప్రకటించెను. వారి సెఫియస్ అను కంప్యూటరు కార్యక్రమమునకు గర్వము లేదు, భయము లేదు. ఐనను అది బ్లఫ్ చేయును.

మన సీమలో రమ్మీ యాడువారికి ఈ విద్యలో సగము ముందే తెలిసియున్నది. రమ్మీలో పడిన ముక్కలను జ్ఞప్తియందుంచుకొనుటయు, పట్టుటయు విడుచుటయు నైపుణ్యముతో కూడిన పనులని సుప్రీంకోర్టు 1967లో ఆంధ్రప్రదేశమునకు చెందిన సత్యనారాయణ వ్యాజ్యమున తీర్పు చెప్పెను. కాని రమ్మీవాడు తన ముక్కలను పొందించుకొనుటలోనే నిమగ్నుడగును. ఎదుటివాని నిర్ణయమును సైతము తన గణనలో చేర్చుకొనుట అతడు క్రొత్తగా నేర్వవలసిన భాగము.

ధనమొడ్డి యాడుట మాత్రము వలదు. 1974నాటి ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టము జూదమును నిషేధించుచున్నది. 2025లో కేంద్రము చేసిన చట్టము ధనము పణముగా గల ఆన్‌లైన్ ఆటలను, నైపుణ్యముతో కూడినవైనను, మాన్పించినది. నలోపాఖ్యానమును చదివినవానికి ఆ చట్టముల హేతువు వేఱుగా చెప్పనక్కఱలేదు. ఈ విద్య ధనముకొఱకు కాదు, తెలివికొఱకు నేర్వదగినది. కనుక పాఠకులు చింతపిక్కలు పంచుకొని ఇంటిలోనివారితో ఆడి చూడుడు. సెమీబ్లఫ్ చేసిన ప్రతిమారును కాగితముపై గుర్తించి, తొమ్మిదింట నొక్కమారైన ఎదుటివాడు ముక్కలు విడిచెనో లేదో లెక్కించుకొనుడు.