తెలుగు వనౌషధ సంప్రదాయంలో విషపు ఎరుక: పేర్లు, కొలతలు, శుద్ధి - ఒక విమర్శనాత్మక పరిశీలన

వ్యాస సంగ్రహం:
తెలుగు ప్రాంతాల్లో మందులుగా వాడుకలో ఉన్న మొక్కల్లో కొన్ని సహజంగానే విషపూరితాలు. ఆ ఎరుకను మొక్కల పేర్లు, మోతాదు కొలతలు, శుద్ధి ప్రక్రియలు ఎట్లా భద్రపరిచాయో, నేటి చిట్కా వైద్య రచనలు దాన్ని ఎక్కడ జారవిడిచాయో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలక పదాలు: వనౌషధాలు, విషతత్త్వం, శుద్ధి, మోతాదు, చిట్కా వైద్యం, చివ్వెంల.

1. ఉపోద్ఘాతం:
సూర్యాపేట జిల్లా చివ్వెంల మండలం వంటి తెలంగాణ గ్రామీణ ప్రాంతాల్లో జిల్లేడు, ఉమ్మెత్త, గన్నేరు, ఆముదం, గురివింద అందరికీ తెలిసిన మొక్కలు. ఈ ఐదింటికీ ఇంటి వైద్యంలో చోటుంది. ఐదింటిలోనూ ప్రాణాపాయం కలిగించగల పదార్థాలున్నాయి. జిల్లేడు పాలలోనూ గన్నేరులోనూ గుండె లయను దెబ్బతీసే గ్లైకోసైడ్లు, ఉమ్మెత్తలో అట్రోపిన్, స్కోపలమిన్, ఆముదపు గింజలో రైసిన్, గురివింద గింజలో అబ్రిన్ ఉంటాయి.

యుక్తితో వాడితే విషం కూడా మందవుతుందని, యుక్తి తప్పితే మందు కూడా విషమవుతుందని చరకసంహిత ప్రతిపాదించింది. మూలికా వైద్యాన్ని సమర్థించే తెలుగు రచనలు ఈ మాటను తరచుగా ప్రస్తావిస్తాయి. అందులోని ‘యుక్తి’ ఆ రచనల్లో ఎంతవరకు నిలిచింది అన్నదే ఇక్కడి ప్రశ్న.

2. పేర్లలో హెచ్చరిక:
‘ఉమ్మెత్త’ అనే పేరు ‘ఉన్మత్త’ శబ్దభవం. ఆ గింజలు తిన్నవారికి కలిగే మతిభ్రమణమే మొక్కకు పేరయింది. గన్నేరుకు సంస్కృతంలో ‘అశ్వమారక’మని పేరు; గుర్రాన్ని సైతం చంపేదని అర్థం. ముష్టి గింజ పూర్తి పేరు ‘విషముష్టి’. కాల్చిసిన్ ఉన్న దుంపను తెలుగువారు ‘అడవినాభి’ అన్నారు. వసనాభిలోని అకోనిటిన్, అడవినాభిలోని కాల్చిసిన్ రసాయనికంగా వేరు. అయినా రెండూ ప్రాణాంతకమన్న అనుభవం ‘నాభి’ అన్న మాటతో వాటిని ఒకచోట చేర్చింది. ఈ పేర్లు వర్ణన కోసం పుట్టినవి కావు. అక్షరజ్ఞానం లేనివారికి సైతం అందిన హెచ్చరికలవి.

3. కొలత, శుద్ధి:
మోతాదు చెప్పడానికి వైద్యులు, బంగారం తూచడానికి కంసాలులు వాడిన కొలత గురివింద ఎత్తు. విషమున్న గింజే మందుకు పరిమాణం కావడం గమనించదగిన విషయం. గట్టి పైపొర చెక్కుచెదరని గింజను మింగితే అది చాలావరకు అట్లాగే బయటికి పోతుంది; నమిలినా, నూరినా అబ్రిన్ వెలువడుతుంది. అందుకే శాస్త్రగ్రంథాలు గురివిందను పాలలోనో కాంజికంలోనో దోలాయంత్రంలో ఉడికించమన్నాయి. అబ్రిన్ ప్రోటీన్ కనుక వేడికి నశిస్తుంది. అకోనిటిన్ సైతం ఉడికినప్పుడు విడిపోయి తక్కువ విషమున్న పదార్థాలుగా మారుతుంది. ఆముదపు గింజలను వేయించి, దంచి, నీటిలో ఉడికించి వంటాముదం తీసే పద్ధతిలోనూ ఇదే వివేకం కనిపిస్తుంది.

అయితే శుద్ధిని సర్వరక్షగా భావించడం పొరపాటు. ముష్టి గింజలను గోమూత్రంలో నానబెట్టి, పాలలో ఉడికించి, నేతిలో వేయించినా స్ట్రిక్నిన్ తగ్గుతుందే తప్ప పూర్తిగా పోదు. శుద్ధి తర్వాత కూడా మోతాదును, వైద్యుని పర్యవేక్షణను శాస్త్రం వదలకపోవడానికి కారణమిదే.

4. చిట్కా రచనల్లో లోపం:
సంప్రదాయ వైద్యగ్రంథంలో ద్రవ్యం, శుద్ధి, మోతాదు, అనుపానం, పథ్యం, విరుగుడు ఒకదాని వెంట ఒకటి వస్తాయి. చిట్కా రచన ఇందులో ద్రవ్యాన్ని, ఫలితాన్ని మాత్రమే ఉంచి తక్కినవాటిని విడిచిపెడుతుంది. ‘కొంచెం’, ‘చిటికెడు’, ‘తగినంత’ వంటి మాటలు తూకం స్థానాన్ని ఆక్రమిస్తాయి. వంటలో ఆ మాటలు సరిపోతాయి. ఒకే మొక్క గింజల్లో సైతం విషం పాళ్లు మారే ఉమ్మెత్త విషయంలో అవి ప్రాణాల మీదికి తెస్తాయి.

2020 ఏప్రిల్‌లో చిత్తూరు జిల్లా బైరెడ్డిపల్లె మండలంలో జరిగిన ఘటన ఇందుకు నిదర్శనం. ఉమ్మెత్త కరోనాకు మందన్న టిక్‌టాక్ వీడియోను నమ్మి, గింజల రసం తాగిన రెండు కుటుంబాలకు చెందిన పదిమందికి పైగా ఆస్పత్రి పాలయ్యారు. అక్కడ విఫలమైంది సంప్రదాయం కాదు. సంప్రదాయం పేరుతో వచ్చిన అసంపూర్ణ వాక్యం. 1940 నాటి ఔషధ, సౌందర్య సాధనాల చట్టం కింద రూపొందిన నిబంధనల్లోని ఇ(1) షెడ్యూలు ధత్తూరం, గుంజ, కరవీరం, వత్సనాభి, విషముష్టి, లాంగలి మొదలైనవాటిని విషద్రవ్యాలుగా గుర్తించింది. వీటితో చేసిన మందులపై వైద్య పర్యవేక్షణలోనే వాడాలన్న హెచ్చరిక ఉండాలి. సీసా మీద తప్పనిసరైన ఆ మాట చిట్కా పుస్తకంలోని పుట మీద లేదు.

5. అనుభవానికి అందని విషం:
తప్పంతా చిట్కా రచనదే అనడం సగం నిజం. పాముకాటుకు జానపద వైద్యులు వాడుతూ వచ్చిన ఈశ్వరి వేరును గమనిస్తే సంప్రదాయానికే ఉన్న పరిమితి బయటపడుతుంది. ఈ జాతి మొక్కల్లోని అరిస్టోలోకిక్ ఆమ్లం మూత్రపిండాలను నెమ్మదిగా పాడుచేస్తుంది, క్యాన్సర్‌కు దారితీస్తుంది. బరువు తగ్గే మందుల్లో ఈ జాతి మూలిక చేరిన కారణంగా బెల్జియంలో అనేకమంది స్త్రీల మూత్రపిండాలు దెబ్బతిన్న సంగతి 1993లో వెల్లడైంది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2002లో ఈ జాతి మూలికలున్న మందులను మానవుల్లో క్యాన్సర్ కారకాలుగా వర్గీకరించింది.

ఉమ్మెత్త విషం గంటల్లో బయటపడుతుంది కనుక పేరులోకి ఎక్కింది. ఈశ్వరి విషం బయటపడడానికి నెలలు, ఏళ్లు పడుతుంది. మందుకూ రోగానికీ మధ్య అంత దూరం ఉన్నప్పుడు అనుభవం ఒక్కటే వాటిని ముడివేయలేదు. అందుకే ఈశ్వరి పేరులో హెచ్చరిక లేదు, దైవత్వం ఉంది; పైన చెప్పిన షెడ్యూలులోనూ దానికి చోటు లేదు. ‘తరతరాలుగా వాడుతున్నాం, ఎవరికీ ఏమీ కాలేదు’ అన్న వాదం తక్షణ విషాల విషయంలో కొంత సాక్ష్యం కావచ్చు. దీర్ఘకాలిక విషాల విషయంలో సాక్ష్యం కాజాలదు.

6. ముగింపు:
ప్రకృతిసిద్ధమైనది హాని చేయదన్న వాక్యం ఆధునిక ప్రచారానిదే. ఉన్మత్తమని, విషముష్టి అని పేర్లు పెట్టిన పూర్వులకు అటువంటి భ్రమ లేదు. జానపద వైద్యాన్ని సేకరించే తెలుగు పరిశోధకులు మొక్క పేరుతోపాటు శుద్ధిని, తూకాన్ని, వైద్యుడు వద్దన్న సందర్భాలను కూడా నమోదు చేయాలి. ఆ సమాచారాన్ని విషశాస్త్ర ఫలితాలతో సరిచూడకుండా ప్రచురించకూడదు. గురివింద గింజ తన నలుపెరగదని సామెత. ఆ నలుపును చూపడం సంప్రదాయాన్ని కించపరచడం కాదు. దాన్ని నమ్మి మందు తాగేవారి పట్ల బాధ్యత.