రేకు దాకా

పాత అంబాసిడర్‌ను బాగుచేయించడానికి షెడ్డుకు తెచ్చినవాళ్లు ముందు అడిగేది రంగు గురించే. కంపెనీ రంగు దొరుకుతుందా, రెండు రంగులు వేయిద్దామా అని. టింకరింగ్ బాగా తెలిసిన మేస్త్రీ మాత్రం రంగు మాట ఎత్తడు. జేబులోంచి చిన్న అయస్కాంతం తీసి బాడీ మీద అక్కడక్కడా ఆనిస్తాడు. టక్కున అంటుకుంటే కింద రేకు ఉన్నట్టు, జారిపోతే లప్పం దట్టంగా ఉన్నట్టు. ఆ బండి ఎన్నిసార్లు గుద్దుకుందో, ప్రతిసారీ ఎవరు ఏం కప్పెట్టారో అయస్కాంతం సగమే చెబుతుంది. మిగతా సగం తెలియాలంటే పెయింటు, లప్పం, తుప్పు అన్నీ పోయి ఉత్త రేకు బయటపడాలి. అందుకు ఉన్న దారుల్లో బ్లాస్టింగ్, అంటే గట్టి గింజలను జోరుగా చిమ్మి కొట్టడం, ముఖ్యమైనది. దానికి చెడ్డపేరు కూడా ఉంది: బ్లాస్టింగ్ కొట్టిస్తే రేకు వంకర పోతుందని. ఆ మాట నిజమే. కారణం మాత్రం చాలామంది అనుకునేది కాదు.

ఇసుకను వేగంగా చిమ్మి గట్టి వస్తువులను చెక్కే పద్ధతికి 1870లో పేటెంటు పొందినవాడు ఫిలడెల్ఫియాకు చెందిన బెంజమిన్ చూ టిల్గ్‌మన్. అద్దాల మీద నగిషీతో మొదలైన ఈ పని ఇనుప ఫౌండ్రీలకు పాకింది. పాకినచోటల్లా కార్మికుల ఊపిరితిత్తులను తినేసింది. ఇసుకలో ఉండేది సిలికా. గింజ పగిలినప్పుడు లేచే కంటికి కనపడనంత సన్నటి పొడి సిలికోసిస్ తెస్తుంది, అది నయం కాని జబ్బు. బ్రిటన్ 1949లోనే నియమాలు చేసి పోత సామాను శుభ్రం చేయడానికి ఇసుక వాడకూడదంది. ముక్కుకు తువ్వాలు చుట్టుకుని కుర్రాళ్లు నది ఇసుకతో కొట్టే చోటికి ఎంత తక్కువ రేటు చెప్పినా కారు పంపకండి. బయటి నుంచి శుభ్రమైన గాలి అందే హెల్మెట్ ఉందా లేదా అన్నది యజమాని అడగాల్సిన మొదటి ప్రశ్న.

ఇక వంకర సంగతి. వేడికి రేకు సాగుతుందని షెడ్లలో అంటారు. కొంత వేడి పుడుతుంది నిజమే గానీ, ఎక్కువ చెరుపు చేసేది దెబ్బ. నాజిల్‌లోంచి వచ్చే ప్రతి గింజా ఒక బుల్లి సుత్తి. అది తగిలిన చోట పైపొర నలిగి పక్కలకు జరగాలని చూస్తుంది, అడుగుపొర కదలదు. అదేపనిగా ఒకే వైపు దెబ్బలు పడితే ఆ వైపు ఉబ్బుతుంది. జనరల్ మోటార్స్‌లో పనిచేసిన జాన్ ఆల్మెన్ ఈ గుణాన్నే కొలతగా మార్చాడు. స్ప్రింగులు, గేర్లు త్వరగా విరగకుండా వాటి మీద ఉక్కు గుళ్లు కొడతారు. దెబ్బ జోరు తెలియడానికి పలుచని ఉక్కు పట్టీని దిమ్మెకు స్క్రూలతో బిగించి ఒకవైపే కొడతారు. స్క్రూలు విప్పగానే పట్టీ దెబ్బ తిన్న వైపుకు ఉబికి వంగుతుంది. ఎంత వంగితే అంత జోరు. గేరుకు మేలు చేసే ఆ దెబ్బే మిల్లీమీటరుకు అటూ ఇటూ మందం ఉన్న బానెట్టుకు కీడు చేస్తుంది.

ఇది తెలిసిన చేతికి పని తీరే మారిపోతుంది. అడుగు భాగాల మందపాటి ఇనుముకు 90, 100 పీఎస్ఐ పెట్టినా, బయటి రేకు దగ్గరకొచ్చేసరికి 30, 40కి దించుతాడు. నాజిల్‌ను నిటారుగా కాకుండా వాలుగా, అడుగు పైన దూరంలో పట్టుకుంటాడు. చెయ్యి ఒకచోట ఆగదు. మడ్‌గార్డుల గుండ్రటి వంపులు దెబ్బను తట్టుకుంటాయి. టాపు, బానెట్టు, తలుపుల నడిమి భాగం తట్టుకోవు. ఆ వెడల్పాటి చోట్ల పెయింటు రిమూవరుతో, ఉప్పుకాగితంతో తీసి, అంచులకు, మడతలకు, తలుపు సందులకు మాత్రమే బ్లాస్టింగ్ వాడే మేస్త్రీలున్నారు. కాలం ఎక్కువ పడుతుంది. నా ఓటు వాళ్లకే.

గింజ ఎంపిక కూడా అంతే ముఖ్యం. భీమిలి, శ్రీకాకుళం తీరాల ఇసుకలో ఇల్మనైట్, సిలిమనైట్‌లతో కలిసి దొరికే ఎర్రటి గార్నెట్ ఈ పనికి పేరున్న ఖనిజం. సన్నరకం గార్నెట్‌ను తక్కువ ఒత్తిడితో కొడితే తుప్పు పోతుంది, ప్రైమర్ పట్టుకునేంత గరుకు మిగులుతుంది. ప్లాస్టిక్ గింజలు పెయింటును లేపుతాయి, తుప్పును కదపలేవు. వంటసోడా ఇంకా మెత్తన. న్యూయార్క్‌లోని స్వేచ్ఛా విగ్రహాన్ని 1980లలో బాగుచేసినప్పుడు, లోపలి వైపు రాగి రేకు మీది తారు పూతను దానితోనే వదిలించారు. అయితే సోడా పొడిని శుభ్రంగా కడగకపోతే మీద వేసిన ప్రైమర్ నిలవదు.

రేకు బయటపడ్డాక కారు చరిత్ర మొత్తం కనిపిస్తుంది. పాతకాలపు మేస్త్రీ లప్పం బదులు సీసం కరిగించి నింపిన చోటు మెత్తని బూడిదరంగులో వేరుగా తేలుతుంది. గ్యాస్ వెల్డింగ్ కట్టు, సుత్తి గుర్తులు, చిల్లు మీద అతికిన ముక్క కూడా అంతే. తలుపుల కింద పొడవునా సాగే పెట్టె భాగంలో టార్చి పెట్టి చూస్తే సూదిమొన చిల్లుల్లోంచి వెలుగు వస్తుంది. ఆ చిల్లులు చేసింది బ్లాస్టింగ్ కాదు, అవి ముందే ఉన్నాయి. అంబాసిడర్‌కు, దాని మూలమైన మోరిస్ ఆక్స్‌ఫర్డ్‌కు విడిగా ఛాసిస్ లేదు, బాడీయే బరువంతా మోస్తుంది. కాబట్టి ఆ పెట్టె భాగం బోలుపోవడం అందం సమస్య కాదు, ప్రయాణికుల ప్రాణాల సమస్య. ఈ ఒక్క కారణంతోనే బ్లాస్టింగ్ ఖర్చు దండగ కాదంటాను.

అన్ని కార్లకూ ఇది తగదు. ఫ్యాక్టరీలో వేసిన రంగు ఇంకా నిలిచి ఉంటే, వెలిసినా సరే, దాన్ని ముట్టుకోకూడదు. పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఫీవా తన ట్యూరిన్ చార్టర్‌లో చెప్పేదీ అదే: వీలైనంత తక్కువ మార్చండి, ఉన్నది కాపాడండి. బాడీ మీద గుద్దిన నంబర్లకు టేపు, రేకు ముక్క కప్పి తీరాలి. యాభై ఏళ్లు దాటిన వాహనాలకు 2021 నుంచి వింటేజ్ రిజిస్ట్రేషన్ ఉంది. నంబరు అరిగిపోయిన కారుకు ఆఫీసుల చుట్టూ తిరగడమే మిగులుతుంది.

బ్లాస్టింగ్ ముగిసిన నిమిషం నుంచి గడియారం పరుగు పెడుతుంది. కోస్తా గాలిలో ఉత్త రేకు కొన్ని గంటల్లోనే కాషాయం తిరుగుతుంది. చేతి చెమట తగిలినచోట వేలిముద్రలే తుప్పుగా లేస్తాయి, అందుకే గ్లౌజులు లేకుండా ముట్టనివ్వరు. గాలిలోని తేమ మంచుగా పేరుకునే ఉష్ణోగ్రత కన్నా రేకు కనీసం 3 డిగ్రీలు వెచ్చగా ఉండాలి. అదేరోజు ఎపాక్సీ ప్రైమర్ పడాలి. లప్పం ఏదైనా ఉంటే దాని మీదే. గన్ను పట్టేముందు తలుపులు, స్తంభాలు, డిక్కీ మూలల్లో దాక్కున్న గార్నెట్‌ను గాలితో ఊది, బాడీని ఇటూ అటూ వంచి రాల్చి, మళ్లీ ఊదాలి. ఒక్క గుప్పెడు మిగిలినా తడి పెయింటు మీదికి జారుతుంది.