జల్దీకి ‘గా’ లేదు

దేవరకొండ బస్టాండులో ఈ వారం ఇంటర్ చదివే పిల్ల ఒకతె ఫోన్లో స్నేహితురాలిని తొందరపెడుతోంది: “కమ్ ఫాస్ట్‌లీ! బస్సు పోతది.” పక్క బెంచీ మీదున్న ఈ కాలమ్ రచయితకు ఆ ‘లీ’ చెవిలో ముల్లులా గుచ్చుకుంది. ఫాస్ట్‌లీ మీద ఆయన కోపం ఈనాటిది కాదని పాత పాఠకులకు తెలుసు.

ఆ ‘లీ’ తెలుగులోంచే వచ్చిందని ఆయన వాదన. వేగం, వేగంగా, నెమ్మది, నెమ్మదిగా. ‘గా’ తగిలించనిదే మనకు తృప్తి ఉండదు. పైగా బడిలో క్విక్–క్విక్‌లీ అని వల్లె వేయించారు. ఇక ఫాస్ట్‌ను మాత్రం పిల్లలు ఎందుకు వదులుతారు? ఇంగ్లిషు ఒప్పుకోదు. హార్డ్ సంగతి ఇంకా ప్రమాదం: ‘షి వర్క్స్ హార్డ్’ అంటే ఒళ్లొంచి పనిచేస్తుందని, ‘షి హార్డ్‌లీ వర్క్స్’ అంటే పనే ముట్టదన్నంత. రోడ్డు పక్కన ‘గో స్లో’ బోర్డును తప్పుపట్టే మాస్టార్లూ ఉన్నారు. అది తప్పు కాదు, స్లో అలా ‘లీ’ లేకుండా శతాబ్దాలుగా నడుస్తోంది.

అసలు ఫాస్ట్‌కు మొదటి అర్థం వేగమే కాదు. గట్టిగా, కదలకుండా అని. చీరల కొట్టులో పమిట అంచును వేళ్ల మధ్య నలుపుతూ “రంగు ఫాస్టేనా?” అని అడిగే అమ్మ ఆ పాత అర్థాన్నే వాడుతోంది, ఎన్ని ఉతుకులు ఉతికినా రంగు దారాన్ని వదలకూడదని ఆమె ఉద్దేశం. 1,000 ఏళ్ల కిందటి ఇంగ్లిషులో గుణం చెప్పేది ‘ఫ్యాస్ట్’, పని తీరు చెప్పేది ‘ఫ్యాస్టె’. చివరి అచ్చు రాలిపోయి రెండూ ఒకటయ్యాయి. ‘ఫ్యాస్ట్‌లిచె’ అనే మాట కూడా అప్పుడుండేది. మన ఫాస్ట్‌లీకి పెద్దక్క అది.

అంటే ఆ పిల్ల పలికింది పుట్టని మాట కాదు, వాడుక తప్పిన మాట. అయినా పరీక్షలో ఫాస్ట్ అనే రాయాలి, లేకపోతే మార్కు పోతుంది. దానికి తెలుగులో ఆలోచించడం మానాలని ఈ కాలమ్ ఎన్నోసార్లు చెప్పింది. ఆ మాట ఇప్పుడు వెనక్కి తీసుకుంటోంది.

ఎందుకంటే పల్లెవెలుగు కదలబోతుంటే, గేటు దగ్గర కనబడ్డ స్నేహితురాలిని ఆ పిల్లే కేకేసింది: “ఏయ్, జల్ది రావే!”

ఉర్దూ నుంచి వచ్చిన జల్దీకి ‘గా’ లేదు. ‘బిరాన రా’ అన్నా లేదు. తరగతిలో ‘వేగంగా’తో కాకుండా జల్దీతో పాఠం మొదలుపెడితే సరి. బోర్డు మీద ఒక పక్క ‘జల్ది రా’, ఎదురుగా ‘కమ్ ఫాస్ట్’. అటూ ఇటూ రెండేసి మాటలే.